చికాగో దూరం కిలోమీటర్లల్ల లేదు, గంటలల్ల ఉన్నది

పొద్దుమూకినంక ఉస్మానియా యూనివర్సిటీ ఆర్ట్స్ కాలేజీ ముంగట జరసేపు కూసుంటే రెండు ముచ్చట్లు తప్పకుంట చెవుల పడ్తయి. ఒకటి నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదని. రెండోది వీసా స్లాట్ దొరికిందా లేదా అని. మొదటి ముచ్చట పెట్టేటోడు గ్రూప్స్ పుస్తకాలు పట్టుకొని లైబ్రరీ దిక్కు నడుస్తడు. రెండో ముచ్చట పెట్టేటోడు తార్నాక చౌరస్తాల చాయ్ తాగుకుంట ఫోన్ల విమానం టికెట్ల రేట్లు చూస్తడు. ఫోన్ల గిట్ల కనబడ్తది: హైదరాబాద్ నుంచి చికాగో, ఒక స్టాప్, 24 గంటలు. దాని కిందనే ఇంకోటి: రెండు స్టాపులు, 31 గంటలు, రేటు జర తక్వ.

చూసేటోనికి ఒక అనుమానం రావాలె. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతదంటరు. చికాగో 13,300 కిలోమీటర్లు ఉంటది. భాగిస్తే 15 గంటలే వస్తయి. మరి 24 ఎందుకైతున్నయి, 31 ఎందుకైతున్నయి? నడుమ తొమ్మిది గంటలు, పదహారు గంటలు ఎవడు మింగుతున్నడు?

ఇది టికెట్ కొనేటోళ్ల ముచ్చటే అనుకోవద్దు. ఆ గంటల ఎన్క దేశాల నడుమ కొట్లాటలున్నయి, కంపెనీల లాభాలున్నయి, మన ఊరికి బస్సు లేకపోవుడు సుత ఉన్నది. ఒక్కొక్కటి విప్పి చూద్దాం.

బత్తాయి మీద దారం

గోడ మీద మ్యాప్ చూస్తే అమెరికా మనకు పడమర దిక్కున, అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటినంక ఉంటది. అందుకే విమానం పడమరకే పోతదనుకుంటం. మ్యాప్ చదునుగ ఉంటది గాని భూమి గుండ్రంగ ఉంటది కదా. ఒక బత్తాయి తీసుకొని దాని మీద హైదరాబాద్‌కు ఒక చుక్క, చికాగోకు ఒక చుక్క పెట్టి, నడుమ దారం బిగ్గ గుంజి చూడున్రి. దారం పడమరకు పోదు. ఉత్తరానికి పోతది.

శంషాబాద్ నుంచి చికాగోకు అన్నిటికన్న దగ్గరి తొవ్వ ఢిల్లీ దిక్కు ఎక్కి, మధ్య ఆసియా దాటి, రష్యా మీదికెళ్లి, మంచు సముద్రంల దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాంక పోయి, కెనడా మీదికెళ్లి కిందికి దిగుతది. మనోళ్లు మస్తుగున్న డల్లాస్‌కు అయితే ఇంకా విచిత్రం. ఆ తొవ్వ 14,400 కిలోమీటర్లు. ఉత్తర ధ్రువానికి ఐదు డిగ్రీల దగ్గరికి పోయి వస్తది.

ఇప్పుడు నడుమ ఆగితే ఎంత ఎక్వైతదో లెక్క కడుదాం. ఢిల్లీల ఆగి పోతే హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,260 కిలోమీటర్లు, ఆడికెళ్లి చికాగో 12,000. కలిపితే మల్ల అదే 13,300 కాడికి వస్తది. ఢిల్లీ దాదాపు తొవ్వ మీదనే ఉన్నదన్నట్టు. దుబాయ్‌ల ఆగి పోతే 2,550, ఆడికెళ్లి 11,650. కలిపితే 14,200. అంటే ఎక్వైంది 900 కిలోమీటర్లే, విమానానికి ఒక్క గంట పని.

కాబట్టి మన గంటలను మింగేది దూరం కాదు, ఆగుడు. దుబాయ్‌ల, దోహాల, ఫ్రాంక్‌ఫర్ట్‌ల కుర్చీల మీద బ్యాగు తలకింద పెట్టుకొని పండుకునే గంటలు. పిల్లగాడు పోయేది చికాగోకే గాని, వాని టైంల మూడో వంతు నడుమ ఊర్లల్లనే ఖర్సైతది.

వచ్చింది, పోయింది

హైదరాబాద్‌కు నేరుగ అమెరికా విమానం రాలేదా అంటే వచ్చింది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్–చికాగో విమానం షురూ చేసింది. వారానికి ఒక్కసారి. బోయింగ్ 777 జాతిల దూరం పోయే రకం, 238 సీట్లు. మధ్యాహ్నం ఒంటిగంట కాడ శంషాబాద్‌ల లేస్తే అదే రోజు సాయంత్రం ఆరు దాటినంక చికాగోల దిగేటట్టు టైం పెట్టిన్రు. గడియారం చూస్తే ఐదు గంటలల్లనే పోయినట్టు కొడ్తది. అసలు చలికాలంల చికాగో మనకంటే పదకొండున్నర గంటలు ఎన్క ఉంటది. అది కలిపితే పదహారున్నర గంటలు దాటుతది.

దానికి నాలుగు రోజుల ముందు, జనవరి 11న, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఎయిర్ ఇండియా విమానం ఉత్తర ధ్రువం మీదికెళ్లి వచ్చి బెంగళూరుల దిగింది. నడిపినోళ్లంత ఆడోళ్లే. కెప్టెన్ జోయా అగర్వాల్ ముంగటుంటే, ఆ టీంల మన తెలుగు పైలట్ పాపగారి తన్మయి సుత ఉన్నది. ఆ వారంల మన దిక్కు అందరికి ఒక ఆశ కొట్టింది: ఇగ దుబాయ్ తిప్పలు తప్పినట్టే అని.

ఆ చికాగో విమానం ఎక్కువ కాలం నిలువలే. ఇయ్యాల శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగ పోయేది ఒక్కటి లేదు. లండన్‌కు ఉన్నది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి, ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబర్ నుంచి వచ్చినయి. ఆడ దిగి ఇంకోటి ఎక్కాలె.

ఇంత జనం పోతుంటే విమానం ఎందుకు నిలువదు? 2023–24ల అమెరికాల చదువుతున్న భారత విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశాలల్ల మనమే ఫస్టు. అందుల తెలుగు పిల్లలు ఎందరో ఏ క్యాంపస్‌ల అడుగు పెట్టినా తెలుస్తది. అయినా లెక్క వేరే ఉంటది. పదహారు గంటలు ఎగరాలంటే నూరు టన్నులకు అటుఇటుగ ఇంధనం మోయాలె. ఆ ఇంధనాన్ని మోసుడుకే మల్ల ఇంధనం కాలుతది. ఆ ఖర్సు ఎల్లాలంటే ముంగటి సీట్లల్ల పెద్ద రేటు పెట్టి కూసునే బిజినెస్ క్లాసోళ్లు రోజూ నిండాలె. ఎడ్యుకేషన్ లోన్ తీసుకొని పోయే పిల్లగాడు ఎన్క సీట్ల కూసుంటడు, అది సుత ఆగస్టుల, డిసెంబర్‌ల. మిగతా నెలలల్ల ఎవడు నింపాలె? గల్ఫ్ కంపెనీలకు ఈ బాధ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చినోళ్లను, కొచ్చి నుంచి, ఢాకా నుంచి వచ్చినోళ్లను ఒక్కకాడ కుప్పేసి, ఆడికెళ్లి చికాగోకు ఒకటి, డల్లాస్‌కు ఒకటి నింపుతరు. మన పిల్లలు కూసుండి ఎదురుచూసే గంటలే వాళ్ల వ్యాపారం.

ఆకాశానికి గేట్లున్నయి

నేల మీద సరిహద్దు కంచె కనబడ్తది. ఆకాశంల కనబడదు గాని ఉంటది. ఏ దేశం మీద ఆకాశం ఆ దేశానిదే. దర్వాజ ఏసిన్రంటే చుట్టు తిరగాల్సిందే.

2022ల రష్యా ఉక్రెయిన్ మీదికి యుద్ధానికి పోయినంక అమెరికా తన ఆకాశం రష్యా విమానాలకు మూసింది. రష్యా తన ఆకాశం అమెరికా కంపెనీలకు మూసింది. బత్తాయి మీద మన దారం పోయేది రష్యా మీదికెళ్లే అని ఇంతకుముందే చూసినం కదా. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సియాటెల్ నుంచి బెంగళూరుకు నేరు విమానం ఏస్తమని ప్రకటించింది. ముందు కరోనా అడ్డం పడ్డది, ఎన్కకు యుద్ధం అడ్డం పడ్డది. షురూనే కాలే.

మన కంపెనీలకు రష్యా ఆకాశం తెరిచే ఉన్నది. కని పహల్గాం దాడి అయినంక, 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన ఆకాశం భారత విమానాలకు మూసింది. ఆ తర్వాత నెలనెలా గడువు పెంచుకుంట పోయిన్రు. ఢిల్లీల లేచి వాయవ్యానికి పోవాల్సిన విమానం ముందు కిందికి దిగి, అరేబియా సముద్రం దిక్కు తిరిగి, మల్ల పైకి పోవాల్సి వచ్చింది. కొన్ని అమెరికా విమానాలు ఇంధనం కోసం వియన్నాల ఆగినయి. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ నేరు విమానాన్నే బంద్ పెట్టింది. విమానాల రిపేర్ల వల్ల కొరత ఒక కారణమైతే, మూసిన ఆకాశం ఇంకో కారణమని చెప్పిన్రు.

ఒకపాలి ఆలోచించున్రి. సరిహద్దుల తుపాకి పేలితే తార్నాకల పిల్లగాని టికెట్ రేటు పెరుగుతది, టైం పెరుగుతది. అంతర్జాతీయ రాజకీయం మనకెందుకు అనేటోళ్లకు గిదే జవాబు.

బతుకమ్మ పండుగ, 31 గంటల గడువు

ఈ గంటల లెక్క ఎంత పెద్దదో 2025 సెప్టెంబర్‌ల అర్థమైంది.

సెప్టెంబర్ 19, శుక్రవారం. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టిండు. హెచ్–1బి వీసాకు లక్ష డాలర్ల ఫీజు. మన పైసలల్ల 88 లక్షల కాడికి. ఆదివారం, సెప్టెంబర్ 21, వాషింగ్టన్ గడియారంల రాత్రి 12 దాటి ఒక్క నిమిషానికి అమల్లకు వస్తదని రాసిన్రు. ఇప్పటికే వీసా ఉన్నోళ్లకు వర్తిస్తదా లేదా అన్నది ఆ కాగితంల సాఫుగ లేదు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి కంపెనీలు బయట దేశాలల్ల ఉన్న తమ ఉద్యోగులను గడువుల్నే వాపస్ రమ్మని చెప్పినయి.

ఆ ఆదివారం మనకు ఎంగిలిపూల బతుకమ్మ. పండుగకని ఇంటికి వచ్చినోళ్లున్నరు. తల్లిదండ్రులను చూసిపోదామని వచ్చినోళ్లున్నరు, పెండ్లికి వచ్చినోళ్లున్నరు.

లెక్క కట్టున్రి. వాషింగ్టన్‌ల శుక్రవారం సాయంత్రం సంతకం పెట్టినప్పుడు మనకాడ శనివారం నడిజాము దాటింది. గడువు మన గడియారంల ఆదివారం పొద్దుగాల తొమ్మిదిన్నర. మొత్తం కలిపితే 31 గంటల కాడికి. పొద్దుగాల ఆరింటికి లేచి ఫోన్ చూసుకున్నోనికి మిగిలింది ఇరువై ఏడున్నర. ఇగ తొవ్వ చూడున్రి. దుబాయ్‌కి నాలుగు గంటలు, ఆడ మూడు గంటలు ఆగుడు, ఆడికెళ్లి అమెరికాకు పదహారు. ఇరువై మూడు అయినయి. ఎయిర్‌పోర్టుకు మూడు గంటల ముందు పోవాలె. ఇరువై ఆరు. తార్నాక నుంచి శంషాబాద్‌కు గంటన్నర. సరిగ్గ ఇరువై ఏడున్నర. బట్టలు సర్దుకునుడుకు, టికెట్ దొరికిచ్చుకునుడుకు, అమ్మకు చెప్పుడుకు ఒక్క నిమిషం లేదు. ఇది తార్నాకల ఉన్నోని లెక్క. ఉట్నూరుల ఉన్నోడు అప్పటికే ఓడిపోయిండు.

శనివారమే వైట్‌హౌజ్ వివరణ ఇచ్చింది. కొత్త దరఖాస్తులకే ఫీజు, ఇప్పటికే వీసా ఉన్నోళ్లకు లేదని. భయం ఒక్క రోజుల తీరింది. కని ఆ ఒక్క రోజు ఒక సంగతి చూపిచ్చింది: సంతకం పెట్టేటోనికి 31 గంటలు చానా టైమే అనిపిస్తది. భూమికి అవతలి దిక్కున ఉన్నోనికి ఆ 31 గంటలు తొవ్వకే సరిపోవు. దూరంగ ఉన్నోళ్ల మీద రాసే చట్టానికి కనీసం తొవ్వ అంత గడువన్న పెట్టాలె కదా. అది అడిగే నోరు మన సర్కారుకు ఉండాలె.

ఒక్క విమానంల ఇద్దరు

ఇంకో దిక్కు చూద్దాం. శంషాబాద్ నుంచి దుబాయ్ పోయే విమానంల పక్క పక్క సీట్లల్ల ఇద్దరు కూసుంటరు. ఒకడు ఉస్మానియాల ఇంజినీరింగ్ చదివి ఎమ్మెస్‌కు పోయేటోడు. ఇంకోడు జగిత్యాల దిక్కు నుంచి వచ్చి కంపెనీల పనికి పోయేటోడు. నాలుగు గంటలు కలిసే పోతరు. దిగినంక ఒకడు ట్రాన్సిట్ బోర్డు దిక్కు, ఇంకోడు లేబర్ క్యాంపు బస్సు దిక్కు.

కిలోమీటర్లల్ల చూస్తే రెండోనిది దగ్గరి దేశం. మన ఇంటి నుంచి ఢిల్లీ పోయే దూరానికి రెండింతలే. కని వాడు ఎన్నేండ్లకు వస్తడు? సెలవు ఇచ్చేది మాలిక్, పాస్‌పోర్టు ఒక్కోపారి మాలిక్ చేతులనే. ఇంట్ల తండ్రి చనిపోతే నాలుగు గంటల తొవ్వ వాడు రాలేడు. వాడే ఆడ చనిపోతే శవపెట్టె నాలుగు గంటల తొవ్వకు వారాలు పట్టొచ్చు. కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పోవాలె. గల్ఫ్‌ల చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చేటట్టు 2024ల రాష్ట్ర ప్రభుత్వం జీవో తెచ్చింది. మంచిదే. కని పెట్టె తొందరగ రావాలన్న గోస దాంతోని తీరదు.

అందుకే అంటున్న. దూరం అనేది భూమి మీద రెండు చుక్కల నడుమ ఉండేది కాదు. నీ చేతుల ఉన్న కాగితం, నీ జేబుల ఉన్న పైస, నీకున్న హక్కు, ఈ మూడింటిని బట్టి ఉండేది.

ఇంటి నుంచి షురూ చెయ్యాలె

విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతది. తార్నాక నుంచి శంషాబాద్ ఒక 35 కిలోమీటర్లు. పొద్దుగాల ట్రాఫిక్‌ల గంటన్నర. అంటే గంటకు 23 కిలోమీటర్లు. తార్నాకకు 2017లనే మెట్రో వచ్చింది. ఎయిర్‌పోర్టుకు మాత్రం ఇంకా రాలే. 2022 డిసెంబర్‌ల రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టు మెట్రోకు శంకుస్థాపన చేసిన్రు. సర్కారు మారినంక ఆ తొవ్వ పక్కకు పెట్టి, నాగోల్ నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగ అన్నరు. నాగోల్ అంటే తార్నాక ఉన్న లైను చివరనే. అది పడితే ఉస్మానియా పిల్లలకు, ఉప్పల్ దిక్కు బస్సు దిగే వరంగల్ దిక్కు జనానికి అల్కగైతది. కాగితం మీద గీత గీసుడు అయింది, పట్టాలు పడుడు కావాలె.

ఆదిలాబాద్ దిక్కు నుంచి శంషాబాద్ రావాలంటే బస్సుల ఆరేడు గంటలు. శంషాబాద్ నుంచి దుబాయ్ నాలుగు గంటలు. మన రాష్ట్రం దాటుడుకు పట్టే టైం సముద్రం దాటుడుకు పట్టదు! వరంగల్ మామునూరుల నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్టు ఉన్నది. శంషాబాద్ ఒప్పందంల 150 కిలోమీటర్ల లోపట ఇంకో ఎయిర్‌పోర్టు రావద్దన్న షరతు ఉండె. ఆ కంపెనీ ఒప్పుకున్నంక 2025 ఫిబ్రవరిల కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. ఇన్నేండ్లు ఉత్తర తెలంగాణ జనం గంటలు ఒక ఒప్పందం లైనుకు తాకట్టు పెట్టినట్టే కదా.

కాబట్టి "హైదరాబాద్‌కు అమెరికా విమానం కావాలె" అన్న డిమాండ్ మంచిదే గాని, అది ఒక్కటే పట్టుకుంటే ఆఖరికి ముంగటి సీట్లోళ్లకే ఎక్కువ లాభం. దాంతోపాటు ఎయిర్‌పోర్టు మెట్రో ఎప్పుడు, మామునూరు ఎప్పుడు, జిల్లాల నుంచి శంషాబాద్‌కు నేరుగ రాత్రి బస్సులు ఎన్ని, గల్ఫ్ నుంచి శవపెట్టె ఎన్ని రోజులల్ల రావాలె, ఇవి సుత అడగాలె. ఇవి అందరి గంటలను మిగిలిచ్చేటివి.

పోయే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నాలుగు ముక్కలు. టికెట్ మీద రాసిన టైం ఎప్పుడూ ఆ ఊరి గడియారమే, మనది కాదు. తారీఖు సుత చూసుకోవాలె. రెండు విమానాలు ఒక్క టికెట్ మీదనే ఉండేటట్టు కొనున్రి. అప్పుడు మొదటిది లేటై రెండోది పోతే ఇంకోటి ఎక్కిచ్చే బాధ్యత కంపెనీదే. పైసలు తక్వని వేర్వేరు టికెట్లు కొంటే ఆ నష్టం మీదే. నడుమ దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాల్నా అని ముందే చూసుకోవాలె. ఆఖరిది, లెక్క శంషాబాద్ నుంచి కాదు, మీ ఊరి బస్టాండ్ నుంచి కట్టున్రి. వెయ్యి రూపాయలు మిగులుతున్నయని 31 గంటల టికెట్ కొనేముందు ఆ ఏడు గంటల ఖరీదు ఎంతో ఆలోచించున్రి.

తార్నాక చౌరస్తాల చాయ్ తాగే పిల్లగాడు రేపు పోతడు. మంచిగ పోవాలె, మంచిగ చదువాలె. పోయేటప్పుడు 24 గంటలు పట్టినా నడుస్తది. ఇంట్ల నుంచి అర్జెంట్ ఫోన్ వచ్చిన రోజు వాపస్ రావుడుకు ఎన్ని గంటలు పడ్తదన్నదే అసలు దూరం. మనం తగ్గియ్యాల్సింది ఆ దూరాన్ని.